నేర్పుగా నడిపే చేతికి పొదుపూ తెలియాలి

డ్రైవింగ్ లైసెన్సు చేతికొస్తే బండి నడపడం వచ్చేసినట్టేనని మనలో చాలామంది అనుకుంటాం. బ్రిటన్‌లో కొన్ని వేలమంది అలా అనుకోరు. ఏళ్ల తరబడి కార్లూ మోటారుసైకిళ్లూ నడుపుతున్నవాళ్లే మళ్లీ విద్యార్థులై అడ్వాన్స్‌డ్ డ్రైవింగ్ బృందాల్లో చేరతారు. అనుభవం గల ఒక సభ్యుడు పక్క సీట్లో కూర్చుని, వాళ్లు నడిపే తీరు గమనించి, తప్పొప్పులు చెబుతాడు. ఆయన్ని అబ్జర్వర్ అంటారు. ఇలాంటి అబ్జర్వర్లలో ఎక్కువమంది జీతం తీసుకోకుండా, ఇష్టంతో ఈ పని చేస్తారు. కొన్నాళ్ల సాధన తర్వాత, పోలీసు శిక్షణ పొందిన పరీక్షకుడి ఎదుట బండి నడిపి చూపించాలి.

ఈ బృందాలు పుట్టింది ప్రాణాలు కాపాడటానికి. మరి ఇంధనం పొదుపు చేస్తూ నడపడం కూడా ఇవి నేర్పాలా? తమ పేరు పెట్టుకుని దాన్ని ప్రచారం చెయ్యాలా? నేర్పాలనే నా అభిప్రాయం. అయితే ఆ పాఠం ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో కూడా వాళ్లే చెప్పాలి. ఈ రెండో మాట చెప్పకపోతే మొదటిది ప్రమాదకరం అవుతుంది. ఈ రోజు నా ప్రసంగమంతా ఈ రెండు మాటల గురించే.

ముందుగా కొంచెం చరిత్ర. బ్రిటన్‌లో కొత్త డ్రైవర్లకు పరీక్ష తప్పనిసరి అయింది 1935లో. ఆ దశకంలోనే లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు హెండన్ అనే చోట తమ డ్రైవర్ల కోసం ఒక స్కూలు పెట్టారు. రేసు కార్లు నడిపిన అనుభవమున్న కాటెన్‌హామ్ ప్రభువు ఆ స్కూలుకు సలహాలిచ్చాడు. బండిని అదుపులో ఉంచడానికి ఒక క్రమం ఉండాలన్న ఆలోచన అక్కడ బలపడింది. 1955లో ఆ బోధన ‘రోడ్‌క్రాఫ్ట్’ అనే పుస్తకంగా సామాన్య పాఠకులకు అందింది. మరుసటి ఏడు, 1956లో, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ మోటరిస్ట్స్ ఏర్పడింది. ఇప్పుడు దాని పేరు ఐఏఎం రోడ్‌స్మార్ట్. ప్రమాదాల నివారణ కోసం పనిచేసే రోస్పా సంస్థకు కూడా ఇలాంటి విభాగమే ఉంది. అక్కడ పరీక్ష నెగ్గినవాళ్లకు బంగారు, వెండి, కాంస్య శ్రేణులిస్తారు. మూడేళ్లకోసారి మళ్లీ పరీక్షకు రావాలి. ఒకసారి నేర్చుకున్నది జీవితాంతం అలాగే నిలిచి ఉండదని గుర్తించిన మంచి నియమం ఇది.

వీళ్లు నేర్పే క్రమంలో అయిదు మెట్లున్నాయి. మొదటిది సమాచారం. అంటే ముందు ఏముంది, వెనక ఎవరున్నారు, పక్క సందులోంచి ఎవరు రావచ్చు అన్నది గమనించడం. రెండోది రోడ్డు మీద మన బండి ఉండాల్సిన చోటు. మూడోది వేగం. నాలుగోది ఆ వేగానికి తగిన గేరు. అయిదోది యాక్సిలరేటర్ మీద కాలు. మలుపు వచ్చినా, కూడలి వచ్చినా, ఆగి ఉన్న బస్సు కనిపించినా ఇదే వరస. వీటిలో మొదటిదైన సమాచారం మిగతా నాలుగింటికీ ఆధారం. అందుకే కొందరు అబ్జర్వర్లు విద్యార్థి చేత కళ్లకు కనిపిస్తున్నదంతా పైకి చెప్పిస్తూ బండి నడిపిస్తారు. ‘ఎదుట బస్సు ఆగింది, దాని ముందు నుంచి ఎవరైనా దాటవచ్చు, వేగం తగ్గిస్తున్నాను’ అని నోటితో చెబుతూ నడిపితే, చూపు ఎంత దూరం పోతోందో పక్కనున్నవాడికి ఇట్టే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఇంధనం సంగతికి వద్దాం. ట్యాంకులో పోసిన పెట్రోలు చేసే పనుల్లో ఒకటి బండికి వేగం ఇవ్వడం. బ్రేకు తొక్కినప్పుడు ఆ వేగం ఎక్కడికి పోతుంది? బ్రేకుల దగ్గర వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. అంటే అవసరం లేకుండా తొక్కిన ప్రతి బ్రేకూ అంతకు కొద్ది క్షణాల ముందు మనం డబ్బిచ్చి కొన్న పెట్రోలును పారబోయడమే. పైగా వేగం రెట్టింపైతే బండిలో ఉండే శక్తి నాలుగింతలవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ఎర్ర దీపం దాకా వచ్చి గట్టిగా ఆపినవాడు, 30 దగ్గర ఆపినవాడి కంటే నాలుగింతల శక్తిని బ్రేకుల్లో తగలేస్తాడు.

గాలి సంగతీ అలాంటిదే. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 80 నుంచి 100 కిలోమీటర్లకు వెళ్తే వేగం పెరిగింది నాలుగో వంతే. గాలి నిరోధం మాత్రం సగానికి పైగా పెరుగుతుంది. రహదారి మీద స్పీడోమీటరు ముల్లు కొంచెం పైకి జరిగితే మైలేజీ అంతగా పడిపోవడానికి కారణం ఇదే.

రోడ్‌క్రాఫ్ట్ బోధనలో యాక్సిలరేషన్ సెన్స్ అనే మాట ఒకటుంది. ముందున్న పరిస్థితిని దూరం నుంచే అంచనా వేసి, యాక్సిలరేటర్ మీద కాలు సకాలంలో తేలిక చేసి, బ్రేకుతో పని లేకుండానే వేగాన్ని సరిచేసుకునే నైపుణ్యం అది. దీన్ని నేర్పింది భద్రత కోసం. బండి కుదుపు లేకుండా నిలకడగా ఉంటుంది, వెనక వచ్చేవాడు కంగారుపడడు, మనకు ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. ఇంధనం పొదుపు చేసే పద్ధతి కూడా సరిగ్గా ఇదే. ఇప్పటి ఇంజన్లలో, గేరులో ఉండగా కాలు పూర్తిగా తీసేస్తే, కంప్యూటరు ఇంజన్‌కు ఇంధనాన్ని ఆపేస్తుంది. చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. ఎర్ర దీపాన్ని 200 మీటర్ల దూరం నుంచి చూసి కాలు తీసిన డ్రైవరు, ఆ దూరంలో చాలా భాగం చుక్క పెట్రోలు కాల్చకుండా వస్తాడు. ఇరవై మీటర్ల దాకా తొక్కుతూనే వచ్చినవాడు పెట్రోలూ కాలుస్తాడు, బ్రేకులూ అరగదీస్తాడు, అంతకు మించి ప్రాణాపాయానికీ దగ్గరవుతాడు.

ముందున్న బండికి దూరం పాటించడం కూడా అంతే. రోడ్డు పొడిగా ఉన్నప్పుడు కనీసం రెండు సెకన్ల ఎడం ఉండాలని బ్రిటన్ హైవే కోడ్ చెబుతుంది. గంటకు 70 మైళ్లు, అంటే సుమారు 112 కిలోమీటర్ల వేగంలో బండి పూర్తిగా ఆగడానికి 96 మీటర్లు పడుతుందని ఆ కోడ్‌లోనే ఉంది. ఎడం ఉంచినవాడికి ముందు బండి వేగం తగ్గినప్పుడల్లా బ్రేకు తొక్కే అవసరం రాదు. ఆ ఎడమే అతని ప్రాణానికి రక్ష, అతని జేబుకూ రక్ష.

కాబట్టి ఈ బృందాలు పొదుపు గురించి మాట్లాడితే కొత్త పాఠమేదీ పెట్టినట్టు కాదు. నేర్పుతున్న పాఠానికి ఉన్న రెండో ఫలితాన్ని చూపించినట్టు. ఇక్కడ నాకు మరో పెద్ద ప్రయోజనం కనిపిస్తుంది. జాగ్రత్తగా నడిపినవాడికి దాని ఫలితం కంటికి కనబడదు. జరగని ప్రమాదాన్ని ఎవరు లెక్కపెట్టగలరు? ఈ నెలలో నేను మూడు ప్రమాదాలు తప్పించానని ఎవరూ చెప్పలేరు. ఫలితం కనబడని క్రమశిక్షణను ఏళ్ల తరబడి పాటించడం మనిషికి కష్టం. మైలేజీ అలా కాదు. ట్యాంకు నింపిన ప్రతిసారీ లెక్క తేలుతుంది. లీటరుకు వచ్చే కిలోమీటర్లు పెరిగాయంటే చూపు ముందుకు సాగిందని, చేతులూ కాళ్లూ నెమ్మదించాయని ఒక ఆనవాలు దొరికినట్టే. పరీక్ష నెగ్గి, అబ్జర్వరు పక్కన లేని రోజుల్లో కూడా డ్రైవరుకు తన తీరు తెలుసుకునే సాధనం అది. వ్యక్తిగతంగా డ్రైవరుకు కలిగే లాభం ఇది. సమాజానికి కలిగే లాభం మీకు తెలిసిందే. లీటరు పెట్రోలు కాలితే రమారమి రెండు కిలోల మూడు వందల గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది.

అయినా ఆ బృందాల్లోనే కొందరికి ఈ మాట రుచించదు. వాళ్ల అభ్యంతరాలను తేలిగ్గా తీసిపారెయ్యకూడదు.

మొదటి అభ్యంతరం వాళ్ల సంప్రదాయం నుంచే వస్తుంది. అడ్వాన్స్‌డ్ డ్రైవింగ్‌లో ‘ప్రోగ్రెస్’ అనేదానికి విలువ ఎక్కువ. రోడ్డు ఖాళీగా ఉండి, చూపుకు అడ్డేమీ లేకపోతే, చట్టం అనుమతించిన వేగం మేరకు చురుగ్గా సాగాలి, కారణం లేకుండా నత్తనడక నడిచి వెనకవాళ్లను విసిగించకూడదు. ఇది సబబైన సూత్రమే. పొదుపు పేరు చెప్పి 60 మైళ్ల రోడ్డు మీద 40లో వెళ్లేవాడు వెనక పెద్ద వరస పేరుస్తాడు. ఆ వరసలో ఓపిక నశించినవాడు తెగించి ఓవర్‌టేక్ చేస్తాడు. నింద అతనిదే కావచ్చు, కారణంలో మాత్రం ముందువాడికీ వాటా ఉంది. అందుకని పొదుపు పాఠంలో ఈ మాట ముందే ఉండాలి: పొదుపు వచ్చేది ప్రధానంగా వృథా బ్రేకులు మానడం వల్ల, వృథా తొక్కుడు మానడం వల్ల. రోడ్డు మీద తోటివాళ్లకు అడ్డం పడి మిగుల్చుకునేది పొదుపు కింద లెక్కకు రాదు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. మైలేజీ ఒక పిచ్చిగా మారగలదు. చుక్క చుక్కా మిగల్చాలన్న పంతం పట్టినవాళ్లు పెద్ద లారీ వెనక అంటుకుని వెళ్తారు, గాలి తగలకుండా. లారీ బ్రేకు వేసిన రోజున వాళ్లకు ఆగే వ్యవధి ఉండదు. తిరిగి వేగం అందుకోవడానికి పెట్రోలు ఖర్చవుతుందని మలుపులో కూడా వేగం తగ్గించరు. పాదచారి దాటుతుంటే ఆగడానికి మనసొప్పదు. ఓవర్‌టేక్ మొదలుపెట్టాక ఎదుటి వైపు ఎంత తక్కువసేపు ఉంటే అంత క్షేమం. అక్కడ కూడా యాక్సిలరేటర్ నొక్కడానికి వెనకాడతారు. వీటన్నిటికంటే ప్రమాదకరమైనది, మన దగ్గర కూడా బాగా పాతుకుపోయినది ఒకటుంది. అది పల్లంలో న్యూట్రల్‌లో దించడం.

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. పాత కార్బ్యురేటర్ బండ్ల రోజుల్లో, న్యూట్రల్ చేస్తే పెట్రోలు మిగులుతుందన్న మాటకు కొంత ఆధారం ఉండేది. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉండి కాలు తీస్తేనే ఇంధనం పూర్తిగా ఆగుతుంది. న్యూట్రల్‌లో ఉంటే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి ఎంతో కొంత కాలుతూనే ఉంటుంది. కాబట్టి దిగువకు వచ్చేటప్పుడు న్యూట్రల్ వల్ల లాభం లేదు సరికదా నష్టం. భద్రత లెక్కన చూస్తే నష్టం ఇంకా ఘోరం. ఇంజన్ పట్టు తప్పిన బండి బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. పొడవైన పల్లంలో బ్రేకులు కాగిపోయి పట్టు కోల్పోతాయి. ఇంజన్‌ను పూర్తిగా ఆపేస్తే కారులో బ్రేకుకు, స్టీరింగుకు అందే సాయం తగ్గిపోతుంది. బస్సుల్లో, లారీల్లో గాలి బ్రేకులకు కావలసిన గాలిని నింపే కంప్రెసర్ ఇంజన్ తిరిగితేనే తిరుగుతుంది. తిరుమల నుంచి దిగే ఘాట్ రోడ్డు గాని, అరకు నుంచి దిగే రోడ్డు గాని, మలుపు మలుపుకూ బండిని గేరులో ఉంచాల్సిన చోట్లు. అక్కడ న్యూట్రల్ చేసేవాడు మిగుల్చుకునేది ఏమీ లేదు, పోగొట్టుకోగలిగేది మాత్రం చాలా ఉంది. బ్రిటన్ హైవే కోడ్ కూడా న్యూట్రల్‌లో జారుతూ పోవడం తగదని స్పష్టంగా చెబుతుంది.

ఇలాంటి చిట్కాలు నోటి మాటగా, ఫోన్లలో వీడియోలుగా ఎలాగూ వ్యాపిస్తూనే ఉంటాయి. మైలేజీ పెంచుకోవాలన్న ఆశ ఎవరూ నేర్పకపోయినా ఉంటుంది. అందువల్ల, ఇది మా పని కాదు అని అడ్వాన్స్‌డ్ బృందాలు మౌనం పాటిస్తే, ఆ ఖాళీని తెలియనివాళ్లు నింపుతారు. ఏ పద్ధతి క్షేమమో, ఏది తెగింపో విడదీసి చెప్పగల అర్హత ఉన్నవాళ్లు వీళ్లే. నేర్పాలని నేననడానికి అన్నిటికంటే బలమైన కారణం ఇదే.

ఈ దారిలో బ్రిటన్ ప్రభుత్వం కూడా కొంత నడిచింది. 2008 నుంచి అక్కడి మామూలు డ్రైవింగ్ పరీక్షలోనే, అభ్యర్థి ఇంధనం వృథా కాకుండా, క్షేమంగా నడిపాడా లేదా అన్నది పరీక్షకుడు గమనించి చెప్పడం మొదలైంది. ఆ ఒక్క అంశం మీద ఫలితం మారదు, సలహా మాత్రం అందుతుంది. మన తెలుగువాళ్లకు ఇది దూరపు సంగతి కాదు. ఉద్యోగాల కోసం బ్రిటన్‌లో స్థిరపడినవాళ్లకు మన దేశపు లైసెన్సు పన్నెండు నెలలే చెల్లుతుంది. ఆ తర్వాత అక్కడి పరీక్ష రాయాల్సిందే, నడిపి చూపించాల్సిందే. అలా హైదరాబాద్, విజయవాడ ట్రాఫిక్‌లో చెయ్యి తిరిగినవాళ్లెందరో అక్కడికి వెళ్లాక, ఎర్ర దీపం కనబడగానే కాలు తియ్యడం కొత్తగా అలవాటు చేసుకుంటున్నారు.

అలాగని ఈ విద్య మనకు పరాయిదేం కాదు. దీన్ని మన ఆర్టీసీ డిపోల్లో ఏ డ్రైవరును అడిగినా చెబుతాడు. అక్కడ దాని పేరు కేఎంపీఎల్, అంటే లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు. పెద్ద బస్సు లీటరుకు అయిదు కిలోమీటర్ల పైచిలుకు నడిస్తే బాగా నడిపినట్టు. ఏ డ్రైవరు ఎంత తెచ్చాడన్నది డిపోలో లెక్క కడతారు. వేల బస్సులు రోజూ తిరిగే సంస్థలో లీటరుకు కొన్ని మీటర్లు కలిసొచ్చినా ఏడాది తిరిగేసరికి పెద్ద మొత్తమే అవుతుంది. మరోవైపు, ఏళ్ల తరబడి ఒక్క ప్రమాదం కూడా చెయ్యని డ్రైవర్లను సన్మానించే సంప్రదాయమూ ఆర్టీసీలో ఉంది. ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడాలని నా మనవి. ప్రమాదాల లెక్క చూడకుండా కేఎంపీఎల్ ఒక్కటే అడిగితే డ్రైవరు మీద ఒత్తిడి పెరుగుతుంది. బస్సు పాతదా కొత్తదా, దారి ఎత్తుపల్లాలా చదునా, ఎన్ని స్టాపులు, ఎంత జనం అన్నవి లెక్కలోకి తీసుకోకుండా ఒకే అంకె అందరికీ పెట్టడం న్యాయం కాదు. కొలత డ్రైవరుకు అద్దంలా ఉపయోగపడాలి, మెడ మీద కత్తిలా వేలాడకూడదు.

ఇంధనం కోసం తీసుకున్న నిర్ణయం ప్రాణాలకూ మేలు చేసిన ఉదాహరణ ఒకటి చరిత్రలో ఉంది. 1973లో చమురు సంక్షోభం వచ్చినప్పుడు బ్రిటన్ తాత్కాలికంగా గరిష్ఠ వేగాన్ని 50 మైళ్లకు తగ్గించింది. అమెరికా 1974లో దేశమంతటా 55 మైళ్ల పరిమితి పెట్టింది. రెండు చోట్లా ఉద్దేశం పెట్రోలు పొదుపే. అమెరికాలో 1973లో రోడ్డు మరణాలు 54 వేలు దాటాయి. 1974లో అవి 45 వేల దగ్గరికి వచ్చాయి. జనం ప్రయాణాలు తగ్గించుకోవడం కూడా అందులో ఒక కారణం, వేగం తగ్గడం మరో కారణం. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో పదింట ఏడు మరణాలకు మితిమీరిన వేగమే కారణమని ఆ లెక్కే చెబుతోంది. మనం వాడే ముడి చమురులో నూటికి 85 పాళ్లకు పైగా విదేశాల నుంచి కొనుక్కుంటున్నాం. మన రోడ్ల మీద అతివేగం ప్రాణాలనూ తీస్తోంది, ఆ కొనుక్కున్న చమురునూ తాగేస్తోంది.

విద్యుత్ బండ్లు వచ్చేస్తున్నాయి కదా, ఇక ఈ పాఠమెందుకు అని మీరు అడగవచ్చు. ఈ పాఠం విలువ వాటితో ఇంకా పెరుగుతుంది. విద్యుత్ బండిలో కాలు తీసినప్పుడు మోటారే జనరేటరుగా మారి బ్యాటరీకి కొంత శక్తిని తిరిగి పంపుతుంది. తిరుపతి, తిరుమల మధ్య తిరిగే విద్యుత్ బస్సులు కొండ దిగేటప్పుడు ఇలాగే కొంత ఛార్జిని రాబట్టుకుంటాయి. ముందే చూసి నెమ్మదిగా వేగం తగ్గించే డ్రైవరుకు ఆ రాబడి ఎక్కువ, చివరి క్షణంలో గట్టిగా బ్రేకు తొక్కేవాడికి తక్కువ. ఇంధనం మారినా డ్రైవరు చూపుకు విలువ తగ్గదు.

ఇక నేను సూచించేది ఏమిటంటే, అడ్వాన్స్‌డ్ బృందాలు పొదుపును విడి పోటీగా పెట్టకూడదు. ఎవరు ఎక్కువ మైలేజీ తెచ్చారన్న పందేలు వద్దు. మామూలు పాఠంలోనే, సమాచారం అనే మొదటి మెట్టు దగ్గరే, దీన్ని కలపాలి. విద్యార్థి మొదటి రోజున, చివరి రోజున ఒకే దారిలో బండి నడిపితే, ఎన్నిసార్లు బ్రేకు తొక్కాడో, ఎంత ఇంధనం పట్టిందో రెండూ రాసి చూపించాలి. టైర్లలో గాలి సరిగ్గా ఉంటే పట్టూ బాగుంటుంది, మైలేజీ కూడా పెరుగుతుందని చెప్పాలి. న్యూట్రల్‌లో దించడం, లారీకి అంటుకుని పోవడం లాంటివి తప్పని పేరు పెట్టి మరీ చెప్పాలి. భద్రతకూ పొదుపుకూ పొత్తు కుదరని చోట, రెండో ఆలోచన లేకుండా భద్రత వైపే నిలబడాలని చెప్పాలి. ఈ చివరి నియమం విద్యార్థికి కంఠతా రావాలి.

మన దగ్గర అలాంటి స్వచ్ఛంద బృందాలు తక్కువ. అయితే డ్రైవింగ్ స్కూళ్లున్నాయి, ఆర్టీసీ శిక్షకులున్నారు, ముప్పై నలభై ఏళ్లు ప్రమాదం లేకుండా బస్సు నడిపి రిటైరైన డ్రైవర్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్ల చేతుల్లో ఉన్న విద్య వాళ్లతోనే పోకూడదు. కాలేజీలు, కాలనీ సంఘాలు, రోటరీ, లయన్స్ క్లబ్బులు వాళ్లను పిలిపించి, కొత్తగా లైసెన్సు తీసుకున్న పిల్లల పక్కన ఒక్కొక్క ఆదివారం కూర్చోబెడితే చాలు. ఇందుకు భవనాలు అక్కర్లేదు, నిధులూ పెద్దగా అక్కర్లేదు. ఆ పిల్లలకు దూరంగా చూడటం అలవాటైతే వాళ్లు ఇంటికి క్షేమంగా చేరతారు, దారిలో ఇంధనమూ మిగులుస్తారు. మీ ఊళ్లో ఈ పని మొదలుపెట్టగలిగినవాళ్లు మీలోనే ఉన్నారు. మొదలుపెట్టండి.